ఫైళ్లు, వర్చువల్ మెషిన్లు: బ్యాకప్ తీయడం, తిరిగి తెచ్చుకోవడం ఎలా?

మీ దగ్గర బ్యాకప్ ఉందా అని అడిగితే దాదాపు అందరూ ఉందనే అంటారు. అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి తెరిచి చూసింది ఎప్పుడు అని అడిగితే మాత్రం ఆలోచనలో పడతారు. నారు పోసే ముందు మన రైతు విత్తనాల బస్తా ఇంట్లో ఉంది కదా అని ఊరుకోడు. గుప్పెడు గింజలు తడిపి, గుడ్డలో మూటకట్టి, ఎన్ని మొలకెత్తాయో చూసుకున్నాకే నారుమడి జోలికి వెళ్తాడు. బ్యాకప్‌కి ఆ మొలక పరీక్ష రీస్టోరే. అందుకే బ్యాకప్ తీయడం గురించి ఎంత చెబుతానో, తిరిగి తెచ్చుకోవడం గురించి అంతకన్నా ఎక్కువే చెబుతాను.

రైస్ మిల్లు, రొయ్యల మేత డీలర్‌షిప్, నరసాపురం లేసు వ్యాపారం, కడియం నర్సరీ, ఫొటో స్టూడియో, డీటీపీ సెంటర్, స్కూలు ఆఫీసు... ఇలా రెండు మూడు కంప్యూటర్లతో పని నడిపేవారి కోసం ఇది రాస్తున్నాను. భీమవరంలోనో కాకినాడలోనో చదువుకుంటూ వర్చువల్ మెషిన్ల మీద చెయ్యి తిప్పుకోవాలనుకునే పిల్లలకీ పనికొస్తుంది.

పాలకొల్లు వైపు ఒక మిల్లులో చూసిన సంగతి చెబుతాను. గుమాస్తా గారు రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్ పెట్టి ట్యాలీ బ్యాకప్ తీసేవారు. "ఆయ్, ఒక్క పూట కూడా మానలేదండి" అన్నారు. నిజమే, మానలేదు. పెన్‌డ్రైవ్ తెరిస్తే లోపల ట్యాలీ బొమ్మ కనిపించింది. దాని మీద కుడి క్లిక్ చేసి సైజు చూస్తే 2 కేబీ. డెస్క్‌టాప్ మీదున్న షార్ట్‌కట్‌ని రోజూ కాపీ చేస్తున్నారన్నమాట. లెక్కలన్నీ డీ డ్రైవ్‌లో ఇంకో ఫోల్డర్‌లో ఉన్నాయి. ఆయన శ్రద్ధలో లోపమేమీ లేదు. ఆ పెన్‌డ్రైవ్‌ని వేరే కంప్యూటర్‌లో పెట్టి కంపెనీ తెరిచి చూడమని ఆయనకి ఎవరూ చెప్పలేదు, అంతే. ఒక్కసారి చూసినా మొదటి వారంలోనే బయటపడేది.

ముందు ఒక కాగితం తీసుకోండి

సాఫ్ట్‌వేర్ ఏది కావాలో తర్వాత చూద్దాం. మీ డేటా ఎక్కడెక్కడ ఉందో ముందు రాయండి. ట్యాలీ డేటా ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉంది? ఎక్సెల్ షీట్లు డెస్క్‌టాప్ మీదా, డౌన్‌లోడ్స్‌లోనా? వాట్సాప్‌లో వచ్చిన బిల్లులు ఎవరి ఫోన్‌లో ఉన్నాయి? కాటా సాఫ్ట్‌వేర్ తన డేటాబేస్‌ని ఎక్కడ దాచుకుంటోంది? ఈ చివరి ప్రశ్నకి జవాబు సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లనే అడగాలి. వాళ్లు ఫోన్ ఎత్తే రోజుల్లోనే అడిగి పెట్టుకోవడం మంచిది.

డీటీపీ చేసేవారు ఫాంట్లని మర్చిపోకండి. పేజ్‌మేకర్ ఫైళ్లన్నీ భద్రంగా వెనక్కి వచ్చినా, కొత్త కంప్యూటర్‌లో అను ఫాంట్లు లేకపోతే పెళ్లి శుభలేఖ నిండా అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలే కనిపిస్తాయి. ఫాంట్లు, ఇన్‌స్టాలర్లు, లైసెన్స్ నంబర్లు, ప్రింటర్ డ్రైవర్లు కూడా బ్యాకప్‌లో భాగమే.

ప్రతి వరుస పక్కనా రెండు అంకెలు వేయండి. ఒకటి, ఎంతసేపటి పని పోయినా మళ్లీ రాసుకోగలరు. రెండు, ఎంతసేపు ఆ పని ఆగినా ఓర్చుకోగలరు. దాళ్వా ధాన్యం దిగే రోజుల్లో మిల్లు కాటా ఒక గంట ఆగితే బయట ట్రాక్టర్లు బారు తీరతాయి. అదే కంప్యూటర్ ఆషాఢంలో రెండు రోజులు ఆగినా ఎవరూ అడగరు. రొయ్యల పట్టుబడి రోజున కౌంటు, తూకం, రేటు రాసిన షీటు సాయంత్రానికే కావాలి. అయిదేళ్ల కిందటి ఫొటోలు వారం ఆగి వచ్చినా పర్వాలేదు. ఎంత తరచుగా బ్యాకప్ తీయాలో, ఎంత ఖర్చు పెట్టాలో ఆ అంకెలే చెబుతాయి.

మూడు కాపీలు, అందులో ఒకటి ఏటికి అవతల

బ్యాకప్ పని చేసేవారందరికీ తెలిసిన లెక్క ఒకటుంది: 3, 2, 1. డేటాకి మొత్తం మూడు కాపీలు, కనీసం రెండు రకాల పరికరాల మీద, అందులో ఒకటి వేరే చోట. పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫర్ దీన్ని ఈ రూపంలో బాగా ప్రచారంలోకి తెచ్చాడు. మీరు పని చేసే ఫైలు ఒక కాపీ, ఆఫీసులోని ఎక్స్‌టర్నల్ డిస్క్ రెండో కాపీ, ఊరు దాటి ఉన్నది మూడోది.

మన దగ్గర "వేరే చోట" అంటే పక్క గది కాదు, పక్క వీధీ కాదు. 1986 ఆగస్టు గోదావరి వరద చూసినవాళ్లకి, 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కోనసీమలో ఉన్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నీళ్లొచ్చినా గాలొచ్చినా ఊరంతటికీ ఒకేసారి వస్తుంది. ఆఫీసు అమలాపురంలో ఉంటే మూడో కాపీ రాజమండ్రిలోనో హైదరాబాదులోనో చుట్టాలింట్లో ఉండాలి, లేదా క్లౌడ్‌లో ఉండాలి. లంక గ్రామాల్లో ఉన్నవారు కనీసం గట్టు దాటించండి.

బ్యాకప్ కానివాటిని బ్యాకప్ అనుకోవడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది. సర్వర్‌లో రెండు డిస్కులు జంటగా పెట్టే రెయిడ్, ఒక డిస్క్ చెడిపోతే పని ఆగకుండా చూస్తుంది. మీరు పొరపాటున ఫైలు చెరిపేస్తే రెండింటిలోనూ ఆ క్షణంలోనే చెరిపేస్తుంది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ సింక్ కూడా అంతే. ఇక్కడ పాడైన ఫైలు కాసేపట్లో అక్కడా పాడైపోతుంది. వాటిలో పాత వెర్షన్లు కొన్నాళ్లు ఉంటాయి గానీ, పూర్తిగా వాటి మీదే ఆధారపడకూడదు. ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వన్నాక్రై అనే వైరస్ 2017 మేలో ప్రపంచమంతా తిరిగినప్పుడు కంప్యూటర్‌లోని ఫైళ్లతో పాటు దానికి తగిలించి ఉన్న డిస్కుల్లోవి కూడా తాళం పడ్డాయి. అందుకే ఎక్స్‌టర్నల్ డిస్క్ పని అయ్యాక తీసేయాలి. రెండు డిస్కులు కొని, ఒక వారం ఒకటి, ఇంకో వారం రెండోది వాడితే ఏదో ఒకటి ఎప్పుడూ బయటే ఉంటుంది.

ఫైళ్ల బ్యాకప్

విండోస్‌లో ఫైల్ హిస్టరీ అని ఉచితంగానే ఉంది. విండోస్ 11లో అది కంట్రోల్ ప్యానెల్ లోపలికి వెళ్తేనే కనిపిస్తుంది. ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి, దాన్ని ఎంచుకుని, ఆన్ చేయండి. మామూలుగా డిస్క్ తగిలించి ఉన్నంతసేపూ గంటకోసారి మారిన ఫైళ్లని దాస్తుంది, పాత వెర్షన్లు కూడా ఉంచుతుంది. మీరు డిస్క్ తీసేస్తూ పెడుతూ ఉంటారు కాబట్టి తగిలించిన ప్రతిసారీ "రన్ నౌ" నొక్కి, అయ్యాక తీయండి.

ఒక్క జాగ్రత్త. ఫైల్ హిస్టరీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే తనంతట తాను చూసుకుంటుంది. డీ డ్రైవ్‌లో మీరు సొంతంగా చేసుకున్న ఫోల్డర్‌ని పట్టించుకోదు. ఆ ఫోల్డర్‌ని ఏదో ఒక లైబ్రరీలో చేర్చాలి. మన ఆఫీసుల్లో ముఖ్యమైనవన్నీ డీ డ్రైవ్‌లోనే ఉంటాయి కాబట్టి ఈ మాట మళ్లీ చదవండి. లైనక్స్ వాడేవారికి ఉబుంటులో బ్యాకప్స్ అనే అప్లికేషన్ ఉంది, కాస్త చెయ్యి తిరిగినవారు రెస్టిక్ వాడొచ్చు. రెస్టిక్ మారిన భాగాలే దాస్తుంది, అన్నిటినీ పాస్‌వర్డ్ లేనిదే చదవలేనట్టు ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఆ పాస్‌వర్డ్ పోతే డేటా కూడా పోయినట్టే.

ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది, అందులో బ్యాకప్ ఉంది. కంపెనీని ఎంచుకుని, ఎక్కడ దాచాలో చెప్పాలి. ప్రతిరోజూ అదే ఫోల్డర్‌లో దాస్తే నిన్నటిది మీద పడి పోవచ్చు, అందుకని తేదీ పేరుతో కొత్త ఫోల్డర్ చేయండి. ఇతర డేటాబేస్ సాఫ్ట్‌వేర్ల విషయంలో, అది నడుస్తుండగా ఫోల్డర్‌ని మామూలుగా కాపీ చేస్తే సగం రాసిన లెక్క కాపీ కావచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బ్యాకప్ మీటే నొక్కండి. అది లేకపోతే సాఫ్ట్‌వేర్‌ని పూర్తిగా మూసి కాపీ చేయండి.

వెనక్కి తెచ్చి చూడండి

ఇప్పుడు అసలు పని. డాక్యుమెంట్స్‌లో ఒక ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ప్రీవియస్ వెర్షన్స్ తెరవండి. తేదీల వారీగా పాత కాపీలు కనిపిస్తాయి. బ్యాకప్ డిస్క్ తగిలించి ఉన్నా ఏమీ కనిపించకపోతే మీ బ్యాకప్ నడవడం లేదని అర్థం, అది ఈరోజే తెలిసినందుకు సంతోషించండి. కనిపిస్తే వెంటనే "రీస్టోర్" నొక్కకండి. అది అసలు చోటే పెట్టి ఇవాళ్టి ఫైలు మీద పాత ఫైలు వేసేస్తుంది. "రీస్టోర్ టు" ఎంచుకుని, "పరీక్ష" అని కొత్త ఫోల్డర్ చేసి అందులోకి తెప్పించండి. బ్యాకప్‌ల పనిలో నేను పట్టుబట్టే నియమం ఏదైనా ఉందంటే ఇదే: పరీక్ష కోసం తెచ్చేది ఎప్పుడూ అసలు దాని మీద వేయకూడదు. ట్యాలీలో ఇది మరీ ముఖ్యం. పాత బ్యాకప్‌ని నడుస్తున్న డేటా ఫోల్డర్‌లోకే రీస్టోర్ చేస్తే, నెల రోజుల ఎంట్రీలు ఒక్క నొక్కుతో మాయమవుతాయి. రీస్టోర్ చేసే గమ్యం దగ్గర కొత్త ఫోల్డర్ ఇచ్చి, ఆ ఫోల్డర్ నుంచి కంపెనీ తెరవండి.

తెచ్చినవాటిలో మూడు ఫైళ్లు తెరవండి. ఒకటి చాలా పాతది, ఒకటి నిన్నటిది, ఒకటి బాగా పెద్దది. పేరు కనిపించడం వేరు, తెరుచుకోవడం వేరు. ట్యాలీలో అయితే నిన్నటి చివరి వోచర్ నంబర్ చూడండి, ఒక పార్టీ ఖాతా నిల్వ రెండు చోట్లా ఒకటేనా పోల్చండి. తర్వాత అదే పని మీ కంప్యూటర్ కాని ఇంకో కంప్యూటర్‌లో చేయండి. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం పెట్టి ఉంటే దాని పాస్‌వర్డ్ గుర్తుందా లేదా, ట్యాలీ వెర్షన్ సరిపోతుందా లేదా అన్నది అప్పుడే తేలుతుంది.

ఎంత సమయం పట్టిందో ఆ కాగితం మీద రాయండి. "రెండు గంటలు ఆగగలం" అని పైన రాసి, రీస్టోర్‌కి అయిదు గంటలు పట్టిందంటే ఏదో ఒకటి మార్చాలి.

వర్చువల్ మెషిన్లు: పాడుచేసి నేర్చుకోండి

ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటరే వర్చువల్ మెషిన్. దాని హార్డ్ డిస్క్ మీ అసలు డిస్క్‌లో ఒక పెద్ద ఫైలుగా ఉంటుంది, దాని సెట్టింగులు ఒక చిన్న ఫైలులో ఉంటాయి. పాత విండోస్ మీద తప్ప నడవని కాటా సాఫ్ట్‌వేర్ ఉన్న మిల్లులకి ఇది పెద్ద ఆసరా. పాత పీసీ ఫ్యాన్‌లో తవుడు దుమ్ము పేరుకుని, అది వేడెక్కి ఎప్పుడు ఆగుతుందో తెలియక టెన్షన్ పడేకన్నా, ఆ విండోస్‌ని అలాగే వర్చువల్ మెషిన్‌లోకి మార్చి కొత్త కంప్యూటర్‌లో నడపొచ్చు. పైగా మొత్తం యంత్రం ఈ ఫైళ్లే కాబట్టి ఆ యంత్రాన్నే జేబులో పెట్టుకుని వెళ్లొచ్చు.

నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మడి లేదు, ఎందుకంటే దీన్ని నిర్భయంగా పాడుచేయొచ్చు. ఒరాకిల్ వర్చువల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. డెబియన్ లైనక్స్ ఇన్‌స్టాల్ చేసే ఐఎస్ఓ ఫైలు తెచ్చుకుని, 2 జీబీ మెమరీ, 20 జీబీ డిస్క్‌తో ఒక మెషిన్ చేసి, అందులో దాన్ని ఇన్‌స్టాల్ చేయండి. డిస్క్ అవసరాన్ని బట్టి పెరిగే రకం ఎంచుకుంటే మొదట్లోనే 20 జీబీ మింగదు. మెషిన్ మొదలవడం లేదంటే బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ చేయగానే తెరిచే సెట్టింగుల్లో, వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉందో లేదో చూడండి.

లోపల "లెక్కలు" అని ఒక ఫోల్డర్ చేసి, నాలుగైదు ఫైళ్లు రాయండి. ఇప్పుడు స్నాప్‌షాట్ తీయండి, అంటే మెషిన్ ఈ క్షణంలో ఎలా ఉందో గుర్తు పెట్టించండి. తీశాక ఆ ఫోల్డర్‌ని చెరిపేయండి. మెషిన్ ఆపి, స్నాప్‌షాట్‌ని రీస్టోర్ చేసి, మళ్లీ మొదలుపెట్టండి. ఫోల్డర్ ఉన్నచోటే ఉంటుంది. మొదటిసారి చూసినవారికి భలే సంతోషం వేస్తుంది, చాలామంది ఇక్కడితో బ్యాకప్ వచ్చేసిందనుకుని ఆగిపోతారు కూడా.

ఆగకండి. ఆ మెషిన్ ఫోల్డర్‌ని ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి చూడండి. అసలు డిస్క్ ఫైలు ఒకటి ఉంటుంది, పక్కనే స్నాప్‌షాట్స్ అనే ఫోల్డర్‌లో ఇంకో ఫైలు ఉంటుంది. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి మారినవి మాత్రమే ఆ రెండో ఫైలులో పడుతుంటాయి. అసలు ఫైలు లేకుండా దానికి విలువ లేదు. రెండూ ఒకే డిస్క్ మీద ఉన్నాయి, ఆ డిస్క్ పోతే రెండూ పోతాయి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసే ముందు వెనక్కి తిరిగే దారి ఉంచుకోవడానికి స్నాప్‌షాట్ బాగా పనికొస్తుంది. అప్‌డేట్ సరిగ్గా నడిచిందని తేలాక దాన్ని తీసేయండి. ఆ తీసేయడం కూడా వర్చువల్‌బాక్స్ లోపలి నుంచే చేయాలి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కాదు.

నిజమైన బ్యాకప్ ఇలా తీయండి. మెషిన్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి, మధ్యలో నిద్రపుచ్చినట్టు ఆపితే చాలదు. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్ ఎంచుకుని, మొత్తం మెషిన్‌ని మూటకట్టే ఓవీఏ ఫైలుగా దాయండి. మానిఫెస్ట్ రాయాలా అని అడిగే చోట టిక్ ఉంచండి. దిగుమతి చేసేటప్పుడు ఫైలు చెడిపోయిందో లేదో అది పట్టిస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో మెషిన్ ఇప్పుడున్న స్థితి మాత్రమే వస్తుంది, పాత స్నాప్‌షాట్లు రావు.

ఓవీఏ ఫైలుని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేయండి. పెన్‌డ్రైవ్‌లో చాలా ఖాళీ ఉన్నా ఫైలు పట్టదని మొరాయిస్తే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందన్నమాట. అందులో ఒక ఫైలు 4 జీబీకి మించకూడదు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో ఎక్స్‌ఫ్యాట్‌కో మార్చాలి. ఫార్మాట్ చేస్తే లోపలున్నవి పోతాయి కాబట్టి ముందు అవి తీసి పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు గుండె చిక్కబట్టుకుని వర్చువల్‌బాక్స్‌లో ఆ మెషిన్‌ని రిమూవ్ చేయండి, అన్ని ఫైళ్లూ చెరిపేయమనండి. జాబితా ఖాళీ అవుతుంది. ఫైల్ మెనూలో ఇంపోర్ట్ అప్లయన్స్‌కి వెళ్లి డిస్క్‌లోని ఓవీఏని చూపించండి. నెట్‌వర్క్ అడ్రస్‌ల గురించి అడిగినప్పుడు, పాత మెషిన్ ఇంకా ఎక్కడో నడుస్తుంటే కొత్త అడ్రస్‌లు ఇవ్వమనండి. మొదలుపెట్టి, లాగిన్ అయి, "లెక్కలు" ఫోల్డర్ తెరవండి. తర్వాత అదే ఓవీఏని స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఇంపోర్ట్ చేయండి. అక్కడి వర్చువల్‌బాక్స్ మీ వెర్షన్ కన్నా పాతది కాకుండా చూసుకోండి.

విండోస్‌లోనే ఉండే హైపర్-వి అనే వర్చువల్ మెషిన్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి మెషిన్ మీద కుడి క్లిక్‌లోనే ఎక్స్‌పోర్ట్ ఉంది, చెక్‌పాయింట్ అన్నది స్నాప్‌షాట్‌కి మైక్రోసాఫ్ట్ పెట్టుకున్న పేరు. ఇంపోర్ట్ చేసేటప్పుడు మూడు దారులు చూపిస్తుంది. కొత్త ఐడీతో కాపీ చేసే దారి తీసుకోండి. అప్పుడు మీ బ్యాకప్ ఫోల్డర్ బ్యాకప్‌గానే మిగులుతుంది. విండోస్ హోమ్‌లో హైపర్-వి ఉండదు.

ఎప్పుడూ నడిచే సర్వర్ అయితే

రోజూ షట్‌డౌన్ చేసి ఎక్స్‌పోర్ట్ చేయడం కుదరని ఆఫీసులకి, వర్చువల్ మెషిన్లు నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ ప్రాక్స్‌మాక్స్ బాగుంటుంది. అదీ ఉచితంగానే వాడుకోవచ్చు. బ్రౌజర్‌లోనే డేటాసెంటర్ కింద బ్యాకప్‌కి వెళ్లి, ఏ మెషిన్లు, ఏ రోజుల్లో, ఎక్కడికి అని చెబితే తనంతట తాను తీస్తుంది. మూడు పద్ధతులు చూపిస్తుంది. స్టాప్ అంటే మెషిన్‌ని ఆపి తీస్తుంది, అన్నిటికన్నా నమ్మకమైనది. సస్పెండ్ అంటే కాసేపు నిలిపి తీస్తుంది, దీని జోలికి వెళ్లక్కర్లేదు. స్నాప్‌షాట్ అంటే నడుస్తుండగానే తీస్తుంది. ఈ మూడో పద్ధతి వాడాలంటే మెషిన్ లోపల క్యూఎంయూ గెస్ట్ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ పెట్టండి. బ్యాకప్ మొదలయ్యే క్షణంలో లోపలి ఫైల్ సిస్టమ్‌ని ఒక్కసారి స్తంభింపజేసి, రాతలన్నీ డిస్క్‌లో పడేలా చూస్తుంది.

బ్యాకప్‌ని సర్వర్ సొంత డిస్క్‌లో కాకుండా వేరే పెట్టెలోకి పంపండి. యూఎస్‌బీ డిస్క్‌ని డైరెక్టరీ స్టోరేజ్‌గా చేరిస్తే ఒక చిక్కుంది. ఆ డిస్క్ ఊడిపోయిన రోజున బ్యాకప్ ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే సర్వర్ సొంత డిస్క్‌లోకే పడుతుంది. నాలుగు రోజుల్లో అది నిండి, సర్వరే ఆగిపోవచ్చు. ఆ స్టోరేజ్ సెట్టింగుల్లో ఇది మౌంట్ పాయింట్ (బయటి డిస్క్ వచ్చి అతుక్కునే చోటు) అని గుర్తు పెడితే, డిస్క్ లేనప్పుడు బ్యాకప్ తప్పింది అని చెప్పి ఊరుకుంటుంది. అలాగే మెషిన్‌కున్న ప్రతి డిస్క్ దగ్గరా బ్యాకప్ టిక్ ఉందో లేదో చూడండి. టిక్ లేని డిస్క్ బ్యాకప్‌లోకి రాదు.

రాత్రి రెండు గంటలకి పెట్టమని చాలాచోట్ల చెబుతారు. మన ఆఫీసుల్లో కొన్నిచోట్ల సర్వర్‌తో సహా రాత్రిపూట మెయిన్ ఆపేసి తాళం వేస్తారు. అలాంటిచోట మధ్యాహ్నం భోజనం వేళే నయం.

ఎన్ని రోజులవి ఉంచాలి? ఏడు రోజువారీవి, నాలుగు వారానివి, పన్నెండు నెలవి అని పెట్టుకుంటే చిన్న ఆఫీసుకి సరిపోతుంది. లెక్కల సంగతి వేరు. జీఎస్‌టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు రికార్డులు ఉంచాలి. కాబట్టి మార్చి 31 ముగింపు కాపీని ఏ పాత బ్యాకప్‌తోనూ కలపకుండా విడిగా పెట్టండి. ప్రపంచ బ్యాకప్ దినం కూడా మార్చి 31నే జరుపుతారు, మనకది భలే కలిసొచ్చింది. కంపెనీగా రిజిస్టర్ అయినవారికి 2022 ఆగస్టు సవరణ తర్వాత, ఎలక్ట్రానిక్ లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లోకి వెళ్లాలి. మీ ఆడిటర్ గారిని అడిగి, మీకు వర్తిస్తుందేమో చూసుకోండి.

ప్రాక్స్‌మాక్స్‌లో రీస్టోర్ పరీక్షకి బ్యాకప్‌ని కొత్త మెషిన్ నంబర్‌తో తెప్పించి, యూనిక్ అన్న చోట టిక్ పెట్టండి. మొదలుపెట్టే ముందు దాని నెట్‌వర్క్ కార్డుని డిస్‌కనెక్ట్ చేయండి. లేకపోతే ఒకే ఐపీ అడ్రస్‌తో రెండు సర్వర్లు లేచి, పక్క గదిలో బిల్లు కొడుతున్నవారికి ఏ సర్వర్‌లో పడుతోందో తెలియకుండా పోతుంది.

మెషిన్ మొత్తం బ్యాకప్ ఉన్నా, లోపలి డేటాబేస్‌ని విడిగా కూడా తీయండి. ఒక్క బిల్లు కోసం 60 జీబీ మెషిన్‌ని తెప్పించాల్సిన అవస్థ ఉండదు. మెషిన్లు పెరిగాక ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌ని విడిగా ఇంకో పీసీలో పెట్టుకోండి. మారిన ముక్కలే దాస్తుంది, బ్యాకప్ లోపలి నుంచి ఒక్క ఫైలునే బయటికి తీయనిస్తుంది, పాతవి చెడిపోయాయేమో తనిఖీ కూడా చేస్తుంది.

మూడో కాపీ దారి

క్లౌడ్‌కి పంపే ముందు లెక్క వేయండి. మీ అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ అయితే 100 జీబీ వెళ్లడానికి దాదాపు 11 గంటలు పడుతుంది, అది కూడా లైను తెగకుండా ఉంటే. మొదటి పూర్తి కాపీని డిస్క్‌లో పెట్టి చేతితోనే ఊరు దాటించి, తర్వాత రోజూ మారినవే నెట్‌లో పంపడం మన దగ్గర తేలిక. ఊరు దాటే డిస్క్‌ని తప్పకుండా ఎన్‌క్రిప్ట్ చేయండి. విండోస్ ప్రోలో బిట్‌లాకర్ ఉంది, మిగతావారికి వెరాక్రిప్ట్ ఉచితంగా దొరుకుతుంది. బిట్‌లాకర్ ఇచ్చే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద అచ్చు తీసి, డిస్క్‌తో కాకుండా వేరే చోట ఉంచండి. ఆ కీని అదే కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్‌లో దాచుకుంటే లాభం లేదు.

డిస్క్‌ని గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో యూఎస్‌బీ పిన్నులకి చిలుము పట్టడం చూస్తూనే ఉంటాం. ఏళ్ల తరబడి పక్కన పడేసే కాపీకి ఎస్‌ఎస్‌డీ కన్నా మామూలు హార్డ్ డిస్కే మేలు. కరెంటు తగలకుండా, వేడిలో పడి ఉన్న ఎస్‌ఎస్‌డీలో డేటా నెమ్మదిగా చెదిరిపోయే ప్రమాదం ఉంది. బ్యాకప్ నడిచేటప్పుడు కంప్యూటర్‌కి యూపీఎస్ ఉండాలి. రాస్తుండగా కరెంటు పోతే ఆ రోజు కాపీ సగంలో ఆగుతుంది.

నీళ్లు పెరుగుతున్నప్పుడు

జూలై వచ్చిందంటే మన కళ్లన్నీ భద్రాచలం నీటిమట్టం మీదే. అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీళ్లు దిగి రావడానికి పట్టే సమయమే మీకున్న వ్యవధి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు, 13.75, 17.75 మూడు హెచ్చరికలు. వీటికి మీ ఆఫీసు పనులు ముడిపెట్టండి. భద్రాచలంలో మొదటి హెచ్చరిక రాగానే పూర్తి బ్యాకప్ తీసి, మూడు ఫైళ్లు తెరిచి చూడండి. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరికకి డిస్క్ ఊరు దాటాలి. రెండో హెచ్చరికకి సీపీయూ, సర్వర్ ప్లగ్గులు పీకి మేడ మీదకి చేర్చాలి. ఎవరు ఏ పని చేస్తారో పేర్లతో రాసి, కాగితాన్ని గోడకి అంటించండి. ఆ కాగితం మీదే బ్యాకప్ ఎక్కడుందో, కీ ఎవరి దగ్గరుందో, రీస్టోర్ ఏ వరుసలో చేయాలో కూడా రాయండి. పాస్‌వర్డ్ మాత్రం గోడ మీద వద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను కబురు వచ్చినప్పుడు కూడా ఇదే కాగితం, కాకపోతే వ్యవధి తక్కువ.

ఇంత చేసినా డిస్క్ తడిసిందనుకోండి. దాన్ని ఆన్ చేయకండి. ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ పట్టొద్దు, బియ్యంలో పూడ్చొద్దు. లోపలికి చేరిన ఒండ్రు ఎండి గట్టిపడితే రికవరీ చేసేవారికి పని కష్టమవుతుంది. తడిగానే ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూసి వాళ్లకి పంపండి.

ఏటికి అవతల దాచిన డిస్క్ తెప్పించుకున్నాక, ఆ రోజుకి అదే మీ ఏకైక కాపీ అని గుర్తుంచుకోండి. రీస్టోర్ మొదలుపెట్టకముందే దానికి ఇంకో కాపీ తీసి, మొదటిదాన్ని డబ్బాలో పెట్టేయండి. రెండోదాని నుంచే పని చేయండి. ముందు ట్యాలీ, తర్వాత కాటా మెషిన్, ఫొటోలు అన్నిటికన్నా చివర. కొత్త కంప్యూటర్‌లో మొదటి బిల్లు కొట్టిన సాయంత్రమే దానికి బ్యాకప్ జాబ్ పెట్టేయండి.